మీకు తెలుసా? పాట ఒక్కటే, చోట్లు రెండు!
ఘంటసాల పాటలు డౌన్‌లోడ్స్‌లో కొన్ని, పాత ఫోన్ బ్యాకప్‌లో కొన్ని, ఇంకో హార్డ్‌డిస్కులో కొన్ని. హయత్‌నగర్‌లోనైనా, ఎల్బీనగర్‌లోనైనా చాలా ఇళ్ల కంప్యూటర్ల తీరు ఇదే. కాపీ చేయకుండానే వాటన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో చూపించొచ్చు. లినక్స్ టెర్మినల్‌లో ‘ఎల్‌ఎన్’ కమాండ్‌కు ‘-ఎస్’ చేర్చి, పాట ఉన్న చోటు పూర్తిగా రాస్తే సింబాలిక్ లింకు తయారవుతుంది. అందులో పాట ఉండదు, దాని చిరునామా మాత్రమే ఉంటుంది. అందుకే 5 ఎంబీల పాటకైనా లింకు సైజు కొన్ని పదుల బైట్లే! ఫైళ్లను వెతికే ‘ఫైండ్’ కమాండ్‌ను తోడు తెచ్చుకుంటే వందల పాటలకు ఒక్క లైను చాలు. 1983 నాటి 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లోనే సింబాలిక్ లింకుల సదుపాయం ఉంది. విండోస్‌లో ఇదే పనికి విస్టా నుంచి ‘ఎంకేలింక్’ కమాండ్ వచ్చింది. అసలు ఫైలును కదిపారో, లింకు పనిచేయదు. కారులో వినాలంటే మాత్రం కాపీలే గతి: పెన్‌డ్రైవుల్లో తరచూ వాడే ఫ్యాట్32లో ఇలాంటి లింకులకు చోటు లేదు.