వెబ్‌సైటునకు రంగుల పట్టిక యేల?

‘పచ్చ’ అను మాట తెలుగున రెండు రంగులకు చెల్లుచున్నది. నిజామాబాదు మార్కెట్ యార్డులో రాశిపోసిన పసుపు పచ్చయే. బోధన్ దారిలోని చెరకుతోటయు పచ్చయే. ఉర్దూ మాతృభాషగా గల మిత్రుడు మాత్రము “జర్ద్ అనియా, సబ్జ్ అనియా?” అని వెంటనే అడుగును. మా విద్యార్థులు అభ్యాసార్థము కళాశాల వెబ్‌సైటును నిర్మించినపుడు మాకెదురైన మొదటి చిక్కు ఇదియే. తెలుగు పుటలు కూర్చినవారు ఒక పచ్చను, ఉర్దూ పుటలు కూర్చినవారు వేరొక పచ్చను వాడిరి. వారము తిరుగకముందే ఒకే సైటులో అయిదారు పచ్చలు పోగైనవి.

ఇట్టి చిక్కును తీర్చు ఒడంబడికయే డిజైన్ సిస్టమ్. రంగుల పట్టిక అందొక భాగము. కంప్యూటరునకు రంగుల పేర్లతో పని లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగుల పాళ్లనే అది యెరుగును. 2014లో గూగుల్ సంస్థ వెలువరించిన మెటీరియల్ డిజైన్ పట్టికలో ‘యాంబర్ 500’ అను పసుపు ఎరుపు 255, ఆకుపచ్చ 193, నీలము 7 పాళ్ల కలయిక. అందు ప్రతి రంగునకును 50 మొదలు 900 వరకు మెట్లు గలవు. అంకె పెరిగిన కొలది రంగు ముదురును.

అయితే ఈ అంకెలను పుటపుటలోను వ్రాయరాదు. ‘ప్రధానము’, ‘హెచ్చరిక’, ‘అక్షరము’ అని చేయు పనిని బట్టి పేర్లు పెట్టి, వాని విలువలను సి.ఎస్.ఎస్. ఫైలులో ఒక్కచోట నిలుపవలెను. పుటలన్నియు ఆ పేర్లనే పిలుచును. రంగు మార్చదలచినపుడు ఒక్క పంక్తిని దిద్దిన చాలును.

ఇంతవరకు సులభమే. మాకు అసలు పాఠము నేర్పినది ఉపకారవేతనముల ప్రకటన. తెల్లని నేలపై యాంబర్ అక్షరములు ల్యాబులో ముచ్చటగా నుండెను. మధ్యాహ్నపు టెండలో బస్టాండున నిలిచి ఫోనులో చూచినవారికి దరఖాస్తు గడువు తేదీయే కానరాలేదు! నేలకును అక్షరమునకును గల వెలుగుల నిష్పత్తి సాధారణ వచనమునకు కనీసము 4.5 ఉండవలెనని 2008 నాటి డబ్ల్యు3సి మార్గదర్శకములు చెప్పుచున్నవి. తెలుపుపై యాంబర్ నిష్పత్తి 1.6 మాత్రమే. అదే యాంబర్‌ను నేలగా పరచి నల్లని అక్షరములు వ్రాసిన దాదాపు 13 వచ్చును. పసుపు తప్పు కాదు, దానికిచ్చిన పని తప్పు. ఆకుపచ్చయు నట్లే: తెలుపుపై 500వ మెట్టునకు 2.8, 800వ మెట్టునకు 5.1.

మన రెండు లిపులకు ఈ జాగ్రత్త మిక్కిలి అవసరము. ఉర్దూలో బే, పే అక్షరముల రూపమొక్కటే. క్రింద ఒక చుక్కయైన బే, మూడైన పే. తెలుగున ‘ప’కు ‘ఫ’కు నడుమ నున్నది చిన్న గీత. రంగు లేతయైనచో మొదట మాయమగునవి ఇవియే. మరియు ఎరుపు, ఆకుపచ్చల భేదము తెలియని కన్నులు గలవారు పురుషులలో అరుదు కారు. కావున ఫలితముల పుటలో రంగుతోపాటు ‘ఉత్తీర్ణులు’ అను మాటయు నుండవలెను.

ఇప్పుడు మా ప్రకటనలు పసుపు నేలపై నల్లని అక్షరములతో వెలువడుచున్నవి. కళాశాల పేరును బంగారు రంగున వ్రాయింపుడని కమిటీ పెద్దలు సెలవిచ్చినారు. ఆ రంగును పట్టికలో చేర్చుటకు మాకు అభ్యంతరము లేదు. తెల్లని నేలపై అక్షరముగా మాత్రము వలదని మా మనవి.