బడ్‌కు కళ్లద్దాలు, చార్లీకి కాగితం

కారులో అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరకు మొట్టమొదట దాటినవాళ్లు ఇద్దరు మనుషులు, ఒక కుక్క. 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే డాక్టరు 50 డాలర్ల పందెం కాసి, మెకానిక్ సీవాల్ క్రాకర్‌ను వెంటబెట్టుకుని మే 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరాడు. దారిలో ఐడహో రాష్ట్రంలో 15 డాలర్లిచ్చి బడ్ అనే కుక్కను కొన్నాడు. వాళ్ల వింటన్ కారుకు పైకప్పు లేదు, ముందు అద్దమూ లేదు. చౌడు నేలల దుమ్ముకి బడ్ కళ్లు మండిపోతుంటే, తాను పెట్టుకున్నలాంటివే కళ్లద్దాలు దానికీ తొడిగాడు జాక్సన్. కొన్నాళ్లకు బడ్ ఎదుటి దారిని చూస్తూ, గతుకు రాకముందే కాళ్లు నిలదొక్కుకోవడం నేర్చిందట. 63 రోజులకు ముగ్గురూ న్యూయార్క్ చేరారు. ఆ కారు, ఆ కళ్లద్దాలు స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. నాకైతే కారు కంటే కళ్లద్దాలే ఎక్కువ ముచ్చటగా ఉంటాయి.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్లలోనే పడుతుంది. వేడి దించుకోవడానికి దానికున్న పెద్ద దారి నాలుక చాపి రొప్పడం. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు అదీ కష్టమే. బయట 24 డిగ్రీలే ఉన్నా, ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో పది నిమిషాలకు 34, అరగంటకు 43 డిగ్రీల దాకా వెళుతుంది. అద్దాలు వేలెడు దించి ఉంచినా పెద్దగా ఉపయోగం లేదని కొలిచి మరీ చూశారు. 24 డిగ్రీలంటే మనకు చలికాలపు పొద్దుటి ఎండ. అలాంటిది మే నెలలో విజయవాడ దారిలో, టీ తాగి వచ్చేస్తామంటూ కుక్కను కారులో వదిలి వెళ్లడం దాని ప్రాణంతో చెలగాటమే. ఒకరు తాగొచ్చాక ఇంకొకరు వెళ్లండి.

ధాబాలో మిగిలిన బిర్యానీ పెట్టాలని చేయి లాగుతుంది. వద్దు. ఉల్లిపాయ పచ్చిదైనా వేయించినదైనా కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుంది.

కుక్కపిల్లలు కారులో వాంతి చేసుకుంటే విసుక్కోకండి. చెవి లోపల ఒంటి నిలకడను చూసుకునే భాగం ఇంకా పూర్తిగా ఎదగకపోవడం ఒక కారణం. చాలావాటికి ఏడాది వయసుకల్లా తగ్గిపోతుంది. పెద్దవాటి సంగతి వేరు: కారెక్కితే సూది వేసే డాక్టరు దగ్గరికే అని నేర్చుకున్న కుక్కకు కారు చూస్తేనే చొంగ కారుతుంది. ఊరి చివరి మైదానానికి నాలుగుసార్లు తీసుకెళ్లి ఆడించి తెస్తే ఆ భయం మెల్లగా వదులుతుంది.

కుక్కను వదిలితేనే రథం ఎక్కనిస్తానన్న ఇంద్రుడితో ధర్మరాజు ససేమిరా అన్నాడు. 1960లో రచయిత జాన్ స్టైన్‌బెక్‌కు నయాగరా సరిహద్దు దగ్గర ఇంచుమించు అలాంటి చిక్కే వచ్చిపడింది. చార్లీ అనే ముసలి పూడిల్‌తో దేశమంతా తిరగాలని బయల్దేరిన ఆయన, కొంతదూరం కెనడా మీదుగా వెళదామనుకున్నాడు. చార్లీకి ఎప్పుడో రేబిస్ టీకా వేయించాడు గానీ సర్టిఫికెట్ దగ్గర లేదు. కెనడాలోకి వెళ్లొచ్చు, కాగితం లేకుండా అమెరికాలోకి తిరిగి రానివ్వరన్నారు. ఆయన దారే మార్చుకున్నాడు. ఇంట్లో పిల్లిలా ఉండే ఆ చార్లీ, యెల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లను చూడగానే పూనకం వచ్చినట్టు మొరిగి, ఆయన్ని అక్కడి నుంచి వెనక్కి తిప్పించింది. ఆ ప్రయాణం 1962లో పుస్తకంగా వచ్చింది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేన్నైనా గుద్దితే, కట్టకుండా కూర్చోబెట్టిన కుక్కకు తగిలే దెబ్బ మూడంతస్తుల మేడ మీద నుంచి పడినంత. ఒడిలో ఉన్నా చేతులు ఆపలేవు. ఛాతీకి పట్టీ వేసి సీటు బెల్టుకు తగిలించాలి; మెడపట్టీకి తగిలిస్తే గొంతు నలుగుతుంది.

పిల్లికి ఊళ్లు చూడాలని ఉండదు. తన బుగ్గలు రుద్ది వాసన అంటించుకున్న చోటే దానికి ఇల్లు. అందుకే అది రోజూ పడుకునే పాత చీర ముక్కను ఉతక్కుండా బుట్టలో వేయాలి, పైన పలుచని గుడ్డ కప్పాలి. దిగిన గదిలో తలుపులు, బాత్రూం కిటికీ మూశాకే బుట్ట తెరవండి. మంచం కిందికి దూరితే దూరనివ్వండి. రాత్రి దీపాలార్పాక అదే బయటికొచ్చి గదంతా వాసన చూసుకుంటుంది.