నీటికాసులు: చార్ట్‌కు దొరకని జబ్బు

మా బాపు కంటి చార్ట్‌లో ఆఖరి వరుస దాకా గడగడా చదువుతడు. అయినా ఆయనకు గ్లకోమా ఉంది, అదే నీటికాసులు. ఈ రెండూ ఒకే మనిషికి ఎట్లా కుదురుతాయన్నది మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

కంటి ముందుభాగంలో ఒక నీరు ఎప్పుడూ ఊరుతుంటుంది. కార్నియా, ఐరిస్ కలిసే మూలలో ఉన్న సన్నని జాలి గుండా అది బయటికి పోతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ రాసినోళ్లకు మిగతాది తెలుసు: ఊరేది ఆగదు, పోయేది తగ్గితే ప్రెషర్ పెరుగుతుంది. దాంతో వెనక ఉన్న కంటి నరం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. పోయేది ముందు పక్కచూపు. నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది, చార్ట్ పరీక్షించేది దాన్నే.

డాక్టర్ ముందు తేల్చుకునేది ఆ మూల సంగతి. చిన్న అద్దాలున్న లెన్స్‌ను కంటికి ఆనించి చూస్తరు (గోనియోస్కోపీ). మూల తెరుచుకునే ఉండి జాలిలోంచి నీరు సరిగ్గా పోకపోతే ఓపెన్ యాంగిల్. మన మోరి జాలిలో మట్టి పేరుకున్నట్టు అనుకోండి. ఐరిస్సే అడ్డం పడితే యాంగిల్ క్లోజర్. ఇది ఒక్కోసారి హఠాత్తుగా వస్తుంది: ఎర్రకన్ను, విపరీతమైన నొప్పి, వాంతులు, బల్బు చుట్టూ రంగుల వలయాలు. గోలీ వేసుకొని పండుకునే తలనొప్పి కాదది, అప్పటికప్పుడు ఆస్పత్రికి పోవాలె. మన వయసోళ్లకూ ఒక రకం ఉంది. దురద కండ్లకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేస్తే ప్రెషర్ పెరగొచ్చు. ప్రెషర్ 21 లోపే ఉన్నా నరం పాడయ్యేవాళ్లూ ఉన్నరు, అందుకే నరాన్ని, పక్కచూపును కూడా పరీక్షించాలె.

1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు ఉమ్మడి రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాతో సహా, 10 వేల మందికి పైగా కండ్లు పరీక్షించిన్రు. గ్లకోమా బయటపడ్డవాళ్లలో చాలామందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. మనూళ్లల్ల చూపు తగ్గితే "పొర వచ్చింది, పండినంక తీయించుకుందాం" అంటరు కదా, అసలు ప్రమాదం అక్కడుంది. పొర తీస్తే చూపు వస్తుంది, చచ్చిన నరం మాత్రం తిరిగి రాదు.

యాంగిల్ క్లోజర్‌కు సాధారణంగా లేజర్‌తో ఐరిస్‌కు చిన్న రంధ్రం పెడతరు. ఓపెన్ యాంగిల్‌కు ఎక్కువగా చుక్కల మందు, అవసరమైతే లేజర్, ఆపరేషన్. టిమొలాల్ చుక్కలు రాస్తే ఆస్తమా ఉన్నోళ్లు డాక్టర్‌కు ముందే చెప్పాలె.

బాపుతో అసలు తంటా చుక్కల దగ్గరే. "ఏసినా అంతే కనిపిస్తది, ఏయకున్నా అంతే" అంటడు. నిజమే, ఉన్న చూపు ఉన్నట్టే ఉండుడే ఆ మందు పని.

తోడబుట్టినోళ్లకూ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి చిన్నబాపును కూడా చూపించుకొమ్మన్నం. పత్తి ఏరుడు అయినంక పోతా అంటుండు.