ఒప్పుకోలు ఎలా తయారవుతుంది?

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదునుకు పడదు. శెనక్కాయ చేను ఊడలు దిగే వేళకు ఎండిపోయిందంటే, ఇంట్లో ముసలివాళ్లను వదిలి మిగతావాళ్లు సుగ్గికి (కూలి కోసం వలస) పోతారు. బెంగళూరులో కట్టడం పనికో, కేరళలో దొరికిన పనికో పోతారు. ఊరు తెలియదు, భాష రాదు. పని జరిగే చోటే పడుకుంటారు. అలాంటి మనిషిని రాత్రికి రాత్రి పోలీసులు స్టేషన్‌కు తీసుకుపోతే ఏమవుతుంది?

ఈ ప్రశ్నను చివరిదాకా వెంబడించిన సినిమా ‘విసారణై’. విచారణ అని అర్థం. తమిళ దర్శకుడు వెట్రిమారన్ తీశారు. తమిళ సినిమాయే అయినా, మొదటి సగం కథ నడిచేది మన గుంటూరులో. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ ఎం. చంద్రకుమార్ 1983లో గుంటూరు పోలీసుల చేతిలో పడ్డారు. లాకప్‌లో తాను పడ్డ బాధను ‘లాకప్’ పేరుతో పుస్తకంగా రాశారు. సినిమాకు మూలం అదే. 2015లో వెనిస్ చిత్రోత్సవంలో దీన్ని మొదటిసారి చూపించారు. ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. ఆస్కార్ పోటీకి మన దేశం తరఫున వెళ్లింది.

కథ చిన్నది. పని వెతుక్కుంటూ వచ్చిన తమిళ కుర్రాళ్లు కొందరు గుంటూరులో ఒక పార్కులో పడుకుంటారు. పెద్దవాళ్ల ఇంట్లో దొంగతనం జరుగుతుంది. కేసు త్వరగా తేల్చమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. పోలీసులు ఈ కుర్రాళ్లను పట్టుకొచ్చి, ఒప్పుకోమని కొడతారు. ఎందుకు కొడుతున్నారో చాలాసేపటిదాకా వాళ్లకు అర్థమే కాదు.

ఇక్కడ యంత్రం ఎలా తిరుగుతుందో చూడాలి. పై అధికారి అడిగేది ఫలితం. అది ఏ దారిన వచ్చిందని అడగడు. అసలు దొంగను వెతకాలంటే రోజులు పడతాయి, మనుషులు కావాలి. ఒప్పుకోలుకు గది, లాఠీ చాలు. అయితే అందరినీ అలా కొట్టలేరు. వెనక లాయరు ఉన్నవాణ్ణి కొడితే మర్నాడే ప్రశ్న వస్తుంది. అందుకే ఎవరూ అడగడానికి రానివాణ్ణి ఎంచుకుంటారు. వాడు దొంగలా కనిపించనక్కర్లేదు, దిక్కులేనివాడైతే చాలు.

సినిమాలో కోర్టు ఘట్టం దీనికి అద్దం పడుతుంది. కుర్రాళ్లు చెప్పేది న్యాయమూర్తికి అర్థం కాదు. వేరే పని మీద అక్కడికి వచ్చిన తమిళ ఇన్‌స్పెక్టర్ ముత్తువేల్ వాళ్ల మాటలను తెలుగులో చెబుతాడు. అప్పుడు గానీ నిజం బయటికి రాదు, వాళ్లు విడుదల కారు. అన్ని దెబ్బలు తిన్నవాళ్లను విడిపించింది ఒక అనువాదం. ఆ రోజు ఆ మనిషి అక్కడ లేకపోతే?

రెండో సగం ఇంకా లోతుకు పోతుంది. ఆ ముత్తువేల్ మంచివాడే. సముద్రఖని ఆ పాత్రకు జాతీయ పురస్కారం అందుకున్నారు. కానీ అతనూ అదే యంత్రంలో ఒక పళ్లచక్రం. రాజకీయ నాయకుల లెక్కలు తెలిసిన ఒక ఆడిటర్ పోలీసు నిర్బంధంలో చనిపోతాడు. ఆ చావును కప్పిపుచ్చాలి. ముత్తువేల్ వెంట వెళ్లి, సంగతి తెలుసుకున్న కుర్రాళ్లు అడ్డమవుతారు. చివరికి మనసు ఒప్పని ముత్తువేల్ కూడా అడ్డమవుతాడు. మొదట ఒక అబద్ధపు ఒప్పుకోలుకు అలవాటుపడిన వ్యవస్థ, తర్వాత తన మనుషులనే మింగుతుంది. సినిమా చెప్పే అసలు సంగతి ఇదే.

మరి చట్టం ఏమంటోంది? 2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. సెక్షన్ల అంకెలు మారాయి, మూలసూత్రం మారలేదు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లో ఉన్న ఈ రక్షణ, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లో ఉంది. మరి పోలీసులు ఎందుకు కొడతారు? అదే సెక్షన్‌లో ఒక సందు ఉంది. నిందితుడు చెప్పిన మాటను బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు మాట చెల్లుతుంది. వాడుకలో ‘రికవరీ’ అంటారు. కొట్టి చెప్పించడానికి, ఆ తర్వాత సొత్తు దొరికినట్టు చూపించడానికి ఆశ పుట్టేది ఇక్కడే.

ఒప్పుకోలు కోసం హింసించడం మాత్రం నేరం. గాయపరిస్తే ఏడేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణ సమయం మినహా, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. అతను చెప్పిన బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలి. కబురు చేయాలన్న ఈ నియమాన్ని డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు స్పష్టంగా రాసింది. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని 2020లో ఆదేశించింది. ఇంత ఉన్నా, హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఒప్పందంపై 1997లో సంతకం చేసిన మన దేశం దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు.

కాగితం మీది హక్కు తనంతట తాను స్టేషన్ గడప దాటి లోపలికి రాదు. ఎవరో ఒకరు దాన్ని అడగాలి. అందుకే సుగ్గికి పోయేవాళ్లకు రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఇంటివాళ్ల ఫోన్ నంబరు నోటికి రావాలి, ఎందుకంటే ముందు పోయేది చేతిలో ఫోనే. రెండోది, ఉచిత న్యాయ సహాయానికి దేశమంతటా పనిచేసే నంబరు 15100.

ఎస్‌ఐలను తయారుచేసే పోలీసు శిక్షణ కళాశాల ఒకటి అనంతపురంలోనే ఉంది. ఈ కరువు నేల నుంచి సుగ్గికి కూలీలు బయల్దేరుతారు, ఖాకీ తొడుక్కుని కొత్త ఎస్‌ఐలూ బయల్దేరుతారు. ఆ ఎస్‌ఐలలో ఒకడికి ఏదో ఒక రాత్రి భాష రాని కూలీ ఎదురుపడతాడు. అప్పుడు ఆ ఎస్‌ఐ లాఠీ కోసం కాక, ఆ భాష తెలిసిన మనిషి కోసం వెతకాలి. ఈ సినిమాను శిక్షణలో చూపిస్తే, ఆ అలవాటు అక్కడే మొదలవుతుంది.