రంగును బట్టి రాయి

అనంతపురం నుంచి బళ్ళారికి బస్సులో వస్తున్నప్పుడు మా నాన్నగారు కిటికీలోంచి చూస్తూనే నేల సంగతి చెప్పేసేవారు. ఎర్రనేల అయితే వేరుశనగ, నల్లరేగడి అయితే పత్తి, జొన్న. దిగి మట్టి పిసికి చూసేది లేదు, రంగు చాలు ఆయనకి. ఆకాశంలో తిరిగే రాళ్ళ విషయంలో ఖగోళ శాస్త్రజ్ఞులు చేసేదీ దాదాపు ఇదే పనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తెలియడానికి కారణం మా మనవడు. 2032 డిసెంబరు 22న 2024 వై.ఆర్.4 అనే గ్రహశకలం భూమిని ఢీకొనే అవకాశం ఉందని 2025లో పేపర్లలో వచ్చింది కదా. ఫిబ్రవరి 18 నాటికి ఆ అవకాశం నూటికి 3.1 దాకా వెళ్ళింది. అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న మావాడు పేపరు పట్టుకొచ్చి, "తాతా, అది మామూలు రాయా, ఇనుమా? ఎంత పెద్దది?" అని నిలదీశాడు. వారం తిరక్కుండానే లెక్కలు స్థిరపడి, భూమికి ఆ భయం లేదని తేలింది. వాడి ప్రశ్న మాత్రం నా దగ్గర ఉండిపోయింది. అంత దూరాన ఉన్నది టెలిస్కోపులో చూసినా ఒక చుక్కే కదా!

చుక్క వెలుగును బట్టి పరిమాణం చెప్పలేమా అంటే, అక్కడే ఉంది తిరకాసు. బొగ్గులాంటి నల్లరాయి తన మీద పడ్డ ఎండలో నూటికి 5 వంతులే తిప్పి పంపుతుంది. లేతరంగు రాయి 20 వంతులు పంపవచ్చు. రెండూ ఒకే వెలుగుతో కనిపిస్తే నల్లది రెండింతల వెడల్పు ఉన్నట్టు లెక్క. వెడల్పు రెండింతలైతే ఘనపరిమాణం ఎనిమిదింతలు! వై.ఆర్.4 వెడల్పు 40 నుంచి 90 మీటర్ల మధ్య అని మొదట చెప్పడానికి కారణం ఇదే. ఏ జాతి రాయో తెలిస్తే తప్ప ఊరికి వచ్చిన ముప్పా, జిల్లాకి వచ్చిన ముప్పా చెప్పలేం.

రాయి జాతి తెలుసుకోవడానికి మంచి మార్గం దాని వెలుగును వర్ణపటంగా విడదీసి చూడడం. కానీ చిన్నరాళ్ళ దగ్గర అంత వెలుగు ఉండదు. గ్లాసెడు పాలు నలుగురికి పోయవచ్చు, నాలుగు వందల మందికి పోస్తే నాలుక కూడా తడవదు. పైగా ఇవి భూమికి దగ్గరగా వచ్చినప్పుడే కనిపించి, కొద్ది రోజుల్లోనే మసకబారిపోతాయి. (తమిళనాడు కావలూరులో 1988లో కనుక్కుని రామానుజన్ పేరు పెట్టిన గ్రహశకలం ఈ రకం కాదు. అది అంగారకుడికీ గురుడికీ మధ్య నెమ్మదిగా తిరిగే రాయి.)

అందుకని నాలుగే ఫిల్టర్లు పెడతారు: ఆకుపచ్చ, ఎరుపు, ముదురెరుపు, కంటికి కనిపించని పరారుణం. ఒక్కొక్క దానిలోంచి ఎంత వెలుగు వచ్చిందో కొలిచి, అందులోంచి సూర్యుడి సొంత రంగును తీసేస్తే మిగిలేది రాయి రంగు. మసిలాంటి 'సి' జాతి రాయి నాలుగింటిలోనూ ఇంచుమించు సమానంగా ఉంటుంది. 'ఎస్' జాతి రాయి ఎరుపు వైపు పెరుగుతూ పోయి, పరారుణంలోకి వచ్చేసరికి తగ్గుతుంది. అందులోని ఆలివిన్, పైరాక్సిన్ అనే ఖనిజాలు అక్కడి వెలుగును మింగేస్తాయి కనుక. ఇనుము సంగతి ఇంత తేలిక కాదు. ఇనుమూ, మరికొన్ని రాళ్ళూ రంగులో ఒకేలా ఉంటాయి.

ఇందులో మోసపోయే చోటు ఒకటుంది. ఈ రాళ్ళు గిరగిర తిరుగుతుంటాయి. పచ్చ ఫోటోకి వెడల్పు పక్క, ఎర్ర ఫోటోకి సన్న పక్క మనవైపు ఉంటే, ఆ తేడానే రంగు అనుకుంటాం. అందుకే ఎరుపు, పచ్చ, మళ్ళీ ఎరుపు, పరారుణం, మళ్ళీ ఎరుపు అంటూ మధ్యమధ్య ఒకే ఫిల్టరుకి తిరిగి వచ్చి సరిచూసుకుంటారు. చిలీలోని 8 మీటర్ల జెమినై సౌత్ టెలిస్కోపు 2025 ఫిబ్రవరిలో వై.ఆర్.4ను ఇలాగే వేర్వేరు ఫిల్టర్లలో ఫోటోలు తీసింది. దాదాపు 20 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతోందనీ, 'ఎస్' జాతికి దగ్గరగా ఉందనీ తేలింది. తర్వాత జేమ్స్ వెబ్ టెలిస్కోపు దాని వేడిని కొలిచి వెడల్పు సుమారు 60 మీటర్లని చెప్పింది.

"రంగు చూసి చెప్పింది నిజమని ఎలా నమ్మాలి?" అన్నాడు మావాడు. న్యాయమైన మాటే. వాడికి 2008 టి.సి.3 కథ చెప్పాను. 2008 అక్టోబరు 6న అమెరికాలోని అరిజోనాలో కనుక్కున్న ఆ నాలుగు మీటర్ల రాయి సుమారు 20 గంటలకు సూడాన్ ఎడారి మీద పేలిపోయింది. పడేముందు లా పాల్మా దీవిలోని హెర్షెల్ టెలిస్కోపు దాని వెలుగును పట్టి, బాగా నల్లటి జాతి అని తేల్చింది. డిసెంబరులో ఖార్టూమ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు వరుసగా నిలబడి ఇసుక మీద నడుస్తూ వెతికితే ముక్కలు దొరికాయి. మొత్తం సుమారు 600. దగ్గర్లోని రైల్వేస్టేషను పేరునే ఆ రాళ్ళకి పెట్టారు: అల్మహతా సిత్తా, అరబ్బీలో 'ఆరో స్టేషను'. ల్యాబులో కొలిస్తే అవి నిజంగా నల్లవే, యూరిలైట్ అనే అరుదైన జాతివి. అయితే వాటి మధ్య వేరే జాతుల ముక్కలూ ఉన్నాయి. టెలిస్కోపు చూసింది అన్నీ కలిసిన సగటు రంగునన్నమాట.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎండలో పడి ఉన్న రాయి కాలక్రమేణా ఎర్రబడుతుంది. అందువల్ల 'ఎస్' జాతి గ్రహశకలాలకూ, మనకు ఎక్కువగా దొరికే ఉల్కారాళ్ళకూ రంగు కుదరక ఏళ్ళ తరబడి వాదం నడిచింది. జపాన్ వారి హయబుసా నౌక ఇటోకావా అనే గ్రహశకలం నుంచి 2010లో ధూళి తెచ్చాకే రెండూ ఒకటేనని రూఢి అయింది.

వై.ఆర్.4 మళ్ళీ 2028 డిసెంబరులో ఇటు వస్తుంది. మావాడు అప్పటికి రెండో పి.యు.సి.లో ఉంటాడు. ఏ ఫిల్టరులో ఎంత వచ్చిందో రాసుకోవడానికి ఇప్పటినుంచే ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకున్నాడు.