దోమతెర ఉయ్యాల

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములు కృష్ణా పశ్చిమ డెల్టాలోనివి. 1855లో విజయవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు సాగి, ఇచట వరిసాగు విస్తరించినది. నీరు నిలుచు చోట దోమయు నిలుచును.

నాట్లకాలమున తల్లి చేలోనికి దిగునప్పుడు గట్టుమీది చెట్టుకొమ్మకు పాతచీర కట్టి, బిడ్డను అందు పరుండబెట్టుట చిరకాలపు వాడుక. ఆ చీర ఉయ్యాలనే పెద్దవారికి తగినట్లు పెంచి, దోమతెరను దానికే కలిపి కుట్టినచో వరికుప్పకు కాపలాయుండు రైతునకును, సూర్యలంక తీరమున సరుగుడు తోపులో రాత్రి గడపదలచిన బాలభటులకును మంచి పడక యగును. తేలు, పాము, నేలతడి యను మూడు బాధలును తప్పును. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైనికులు అడవులలో ఇట్టి తెర ఉయ్యాలలలోనే నిద్రించిరి.

మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుచున్నదని రొనాల్డ్ రాస్ 1897 ఆగష్టు 20వ తేదీన మన సికింద్రాబాదులోనే కనుగొనెను. ఆ దోమ కుట్టునది ముఖ్యముగా రాత్రివేళనే. కావున ఆరుబయట పరుండువానికి తెర విలాసవస్తువు కాదు.

మంచముపై కట్టు తెరనే ఉయ్యాలపై వ్రేలాడదీసిన చాలదా? చాలదు. మంచముపై తెర అంచులను పరుపుక్రింద దోపవచ్చును. ఉయ్యాలకు పరుపు లేదు. అది ఊగినప్పుడెల్ల సందు ఏర్పడును. అంతేకాక తెర ఒంటికి తగిలినచో దోమ బయటనుండియే రంధ్రముగుండ కుట్టగలదు. పలుచని గుడ్డయైనచో అడుగునుండియు కుట్టును. దళసరి గుడ్డ కోరుట ఇందుకే.

మూడు మీటర్లకు కొంచెము మించిన పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు గల నేతగుడ్డను తెచ్చి, ముందుగా తడిపి ఆరవేయవలెను. కుట్టినపిదప కుంచించుకొనిపోయినచో శ్రమ వ్యర్థము. గుడ్డ పన్న చాలక రెండు ముక్కలు అతుకవలసినచో అతుకు నిలువుగానే యుండవలెను. అడ్డపు అతుకు బరువుకు విడిపోవును. రెండు కొనలను మడచి, త్రాడు దూరునంత సందు విడిచి, మూడు వరుసల కుట్టు వేయవలెను. మనిషి బరువంతయు మోయునది ఈ కుట్టే. ఇచట పొదుపు తగదు.

తెరగుడ్డకు చదరపు అంగుళమునకు 156 రంధ్రములైనను ఉండవలెను. దానిని గుడ్డ అంచుకు నేరుగా కుట్టినచో చిరుగును. మధ్య అంగుళము వెడల్పు నూలుపట్టీ నుంచి కుట్టవలెను. ఒకవైపు పూర్తిగా కుట్టి, రెండవవైపు జిప్పు పెట్టుట మేలు. ఒకదానిపై నొకటి కప్పుకొను రెండు అంచులు విడుచు పద్ధతియు కలదు గాని, నిద్రలో కాలు తగిలిన అది తెరచుకొనును. కొనలయొద్ద తెరను గుడ్డతోపాటు కుచ్చుగా చేర్చి బిగించి కట్టినచో సందు మిగులదు.

ఇక నడిమి త్రాడు. ఉయ్యాల పొడవులో ఆరింట అయిదు వంతులు, అనగా మూడు మీటర్లకు రెండున్నర మీటర్ల త్రాడును ఒక కొననుండి రెండవ కొనకు పైన కట్టుదురు. దానివలన ఉయ్యాల వాలు ఏ చెట్లయొద్దనైనను ఒకే తీరున నుండును. తెరయు దానిపై గుడారమువలె నిలిచి ముఖమునకు తగులదు.

చెట్ల నడుమ నాలుగు మీటర్ల దూరము చాలును. బిగువుగా కట్టినచో గట్టిగా నుండునని పలువురు తలంతురు. అది పొరపాటు. కట్టుత్రాడు భూమట్టముతో 30 డిగ్రీల కోణము చేసినప్పుడు, 60 కిలోల మనిషికి ఒక్కొక్క త్రాటిపై పడు లాగుడు 60 కిలోల బరువుతో సమానము. అదే కోణము 10 డిగ్రీలైనచో లాగుడు సుమారు 170 కిలోలగును. రాత్రివేళ ఉయ్యాలలు తెగుట పెక్కుసార్లు ఈ బిగువువలననే. కూర్చుండు చోటు మోకాలియెత్తు మించరాదు. ముందుగా ఇసుకమూట నుంచి పరీక్షింపవలెను. పరుండునప్పుడు కొంచెము ఐమూలగా పరుండినచో నడుము వంగదు.

వానజల్లు త్రాటివెంట జారి లోనికి రాకుండ, కట్టుత్రాటికి ఒక గుడ్డపేలిక వ్రేలాడగట్టిన నీరు దానినుండి నేలకు కారిపోవును. కొవ్వొత్తినిగాని నూనెదీపమునుగాని దగ్గరకు తేరాదు, తెర అంటుకొనును. లోనికి చేరినవెంటనే జిప్పు మూసి, తెరలో చిక్కిన దోమ యొకటైనను కలదేమో టార్చిలైటు వెలుగులో వెదకి చంపి, పిమ్మట పరుండవలెను.