గడప దాటని దినములు

లాక్‌డౌన్ అను మాటకు అర్థము మన గోరంట్లకు 2020వ సంవత్సరపు ఉగాదినాడు తెలిసినది. ఆ యేట ఉగాది మార్చి 25వ తేదీన వచ్చెను. దేశమంతట నిర్బంధము మొదలైనదియు నా దినమే. మొదట 21 దినములనిరి. పిమ్మట మే 3 వరకు, మే 17 వరకు, మే 31 వరకు అని గడువు పెరుగుచు పోయెను. అప్పటికి పసివారైయుండిన మన విద్యార్థులకు ఆ దినములు లీలగా మాత్రమే జ్ఞప్తియుండును. అందుచేత ఆ కట్టుబాటు ఏల విధింపబడెనో, ఈ మెట్టసీమలో అది యెట్లు నడచెనో యిచట కొంత వివరింతుము.

రోగిని వేరుగా నుంచుట క్రొత్త పద్ధతి కాదు. చర్మముపై అనుమానింపదగిన మచ్చ గలవానిని యాజకుడు ఏడు దినములు ప్రత్యేకముగా నుంచి చూడవలెననియు, సందేహము తీరనియెడల మరియేడు దినములు ఉంచవలెననియు లేవీయకాండము 13వ అధ్యాయమున విధి గలదు. కోవిడ్ నాడు వైద్యులు చెప్పిన గడువును 14 దినములే. ఇది కాకతాళీయము. ఈ వైరస్ సోకిన పిమ్మట లక్షణములు పొడసూపుటకు 2 మొదలు 14 దినముల వరకు పట్టునని వారి లెక్క.

మన ముత్తాతలు ఎరిగిన మహమ్మారి ప్లేగు. అది 1896లో బొంబాయిలో బయలుదేరి 1898లో బెంగుళూరు చేరెను. దానిని అరికట్టుటకై చేయబడిన 1897వ సంవత్సరపు అంటురోగముల చట్టమే 2020లో మరల ప్రయోగింపబడెను. అయితే ప్లేగునాడు జనులు ఇండ్లు విడిచి పొలములలో గుడిసెలు వేసికొని యుండెడివారు. ఎలుకలును, వాటి నంటియుండు చిన్నపురుగులును ఆ వ్యాధికి వాహనములగుటచే ఇల్లే అపాయస్థలము. కోవిడునకు వాహనము మనుష్యుడే. ఆతని దగ్గు, తుమ్ము, మాట, తుదకు ఊపిరియే దానిని మోయును. కావుననే ఈ మారు జనులను ఇంటనే యుండుమనిరి.

అందరును ఇంటనుండుటచే నేమి ప్రయోజనమని పలువురు అడిగిరి. దీనికి గణితము చక్కని ప్రత్యుత్తర మిచ్చును. ఒక రోగి ముగ్గురికి అంటించెననుకొందము. ఆ ముగ్గురు తొమ్మండుగురికి, వారు ఇరువదియేడుగురికి, ఇట్లు పదవ మెట్టు చేరునప్పటికి 59,049 మంది యగుదురు. జనులు కలిసికొనుట సగమునకు తగ్గి, ఒక్కొక్కడు సగటున ఒకటిన్నర మందికే అంటించినచో, ఆ పదవ మెట్టున రోగులు 58 మందికి మించరు. సగము తగ్గించినచో ఫలము సగమే కాదు, ఇంచుమించు వేయింట ఒక వంతగును. పై తరగతుల బాలురు ఈ లెక్కను తామే పలకమీద చేసి చూతురుగాక.

లెక్క సరియే గాని, అది గోరంట్ల వీధులలో నడువవలెను గదా! సబ్బుతో మాటిమాటికి చేతులు కడుగుకొనుమనిరి. వైరస్‌పై నున్న క్రొవ్వుపొరను సబ్బు కరిగించును, దానితో అది నశించును. ఇందు సందేహము లేదు. కాని ఏప్రిల్ మాసమున చిత్రావతిలో ఇసుక తప్ప నీరుండదు. ట్యాంకరు వచ్చునో రాదో తెలియని వీధిలో, ఇంటికి దొరకు నాలుగు బిందెలలో చేతులకెంత, వంటకెంత, పశువులకెంత? కుళాయియొద్ద సున్నముతో గుండ్రములు గీచిరి. స్త్రీలు ఆ గుండ్రములలో తమ బిందెలను నిలిపి, తాము గోడనీడకు పోయి ఒకచోట గుమిగూడిరి. దూరము బిందెలే పాటించెనని అందరును నవ్వుకొనిరి. ఆ యెండలో వారిని తప్పుపట్టుటకు మాకు మనసు రాలేదు.

రేకుల కప్పుక్రింద ఒకే గదిలో ఆరుగురు కాపురముండు ఇంటిలో మధ్యాహ్నము గడచుట మరింత కష్టము. రచ్చకట్ట బోసిపోయెను, టీ అంగడి మూతపడెను, మంగలి దొరకడాయెను. మగవారు ఇంటనుండి ఇల్లాండ్రకు పని రెట్టింపు చేసిరి. చావునకు 20 మందికి మించి కూడరాదు. బెంగుళూరున కూలికి పోయిన కొడుకులు సరిహద్దు దాటలేక నిలిచిపోయిన యిండ్లలో, ఆ కడపటిచూపు దక్కని తల్లిదండ్రుల దుఃఖము చెప్పనలవి కాదు. ఈస్టరు ఏప్రిల్ 12న రాగా మేము ఇంటనే ప్రార్థించితిమి. మహమ్మదీయ సోదరులు రంజాను మాసమంతయు ఇంటనే నమాజు చేసిరి. ప్రార్థనాలయములు జూన్ 8 వరకు తెరువబడలేదు; మద్యపు అంగళ్లు మాత్రము మే 4ననే తెరువబడెను. ఈ క్రమము మాకు నేటికిని బోధపడలేదు.

పట్టుపురుగులను పెంచు రైతుల కష్టము వేరు. మనిషిని ఆగుమనవచ్చును గాని పురుగును ఆగుమనలేము. అది నాలుగు జ్వరములు దాటి, పొరలు విడిచి, ఇంచుమించు నెలదినములలో గూడు కట్టును. కట్టిన పది పండ్రెండు దినములలో లోపలి ప్రాణి రెక్కలపురుగై గూటిని చీల్చుకొని వెడలును. చీలిన గూటినుండి దారము తీయుట సాగదు. ఆలోపలనే గూళ్లు అంగడి చేరవలెను. బండి కదలనిచో నెల కష్టమును, ముందు మడిలో మల్బరికి పెట్టిన నీరును వ్యర్థమగును. చీనీతోటలవారిదియు, టమాటా వేసినవారిదియు ఇట్టి యాతనయే.

ఇక చదువు. పదవ తరగతి పరీక్షలు వాయిదాపడి, వాయిదాపడి, తుదకు 2020 జూన్ 20న రద్దయి అందరును ఉత్తీర్ణులైరి. కొందరు సంతసించిరి, రాత్రింబవళ్లు చదివిన బాలికలు కొందరు ఏడ్చిరి. సప్తగిరి దూరదర్శనమున పదవ తరగతివారికి పాఠములు ప్రసారమయ్యెను. మంచి ప్రయత్నమే, కాని పాఠము వచ్చు వేళకు కరెంటు ఉండవలెను. ఇంటికొక్క సెల్‌ఫోను గలచోట అది తండ్రి జేబులో పొలమునకు పోయెడిది. ఉన్న యిండ్లలోను అన్న చదివిన పిమ్మటగాని చెల్లెలికి వంతు రాకపోయెను. కొందరు ఉపాధ్యాయులు అరుగులమీద అయిదారుగురిని దూరదూరముగా కూర్చుండబెట్టి చదివించిరి.

2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులవారికి బడులు తెరువబడెను. చిన్నతరగతులవారు 2021 ఫిబ్రవరివరకు వేచియుండిరి. అంతలో ఇంచుమించు సంవత్సరము గడచెను. గుణింతములు వచ్చిన పిల్లలు అక్షరములను మరల దిద్దవలసి వచ్చెను. పట్టీ తీసి పేర్లు పిలుచుచుండగా కొన్ని పేర్లకు జవాబు రాలేదు. విచారింపగా ఒకడు ఇటుకబట్టీలో ఉన్నాడనిరి, ఒకతెకు పెండ్లి చేసితిమనిరి. ఆ యిండ్లకు మేము రెండు మూడు మారులు పోయి వచ్చితిమి. ఇటుకబట్టీ బాలుడు సంక్రాంతి పిమ్మట తిరిగి వచ్చి, వెనుకబల్లమీద, తనకంటె చిన్నవారి నడుమ కూర్చుండెను.